తేలిక టెంటా, గట్టి టెంటా? హంప్టా దారికి బయలుదేరే ముందు

ప్రశ్న:

నమస్కారం అక్కా. మాది గాజువాక. నాకు 26 ఏళ్లు. నేనూ, నా స్నేహితురాలూ కలిసి సెప్టెంబరు మూడో వారంలో మనాలి వెళ్లి, హంప్టా పాస్ (కనుమ) దాటి, చంద్రతాల్ సరస్సు మీదుగా బారాలాచా కనుమ దాకా నడవాలనుకుంటున్నాం. మొత్తం తొమ్మిది రోజులు. గైడ్ లేకుండా, టెంటూ తిండీ మేమే మోసుకుంటాం. సింహాచలం గిరి ప్రదక్షిణ మూడుసార్లు చేశాం. అరకు, అనంతగిరి వైపు కొండలు బాగానే ఎక్కాం. సామాన్ల కోసం ఇద్దరం కలిపి 45 వేలు దాచాం. వీడియోల్లో అందరూ ఎంత తేలికైతే అంత మంచిదంటున్నారు. ట్రెక్కింగ్ కర్రల మీద నిలబెట్టే 900 గ్రాముల టెంటు ఒకటి నచ్చింది. షాపులో మాత్రం 2.4 కిలోల రెండు పొరల టెంటు తీసుకోమన్నారు. ఏది మంచిది? మైనస్ 10 అని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగు సరిపోతుందా? బూట్లు కొనాలా, మామూలు షూస్ చాలా? సెప్టెంబరులో అంత చలి ఏముంటుందని మేమంటున్నాం. అమ్మకు మాత్రం ఒకటే టెన్షన్.

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరం చదవగానే నాకు 2014 అక్టోబరు 12 గుర్తొచ్చింది. ఆ ఆదివారం నువ్వు స్కూలు పిల్లవై ఉంటావు. హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన ఆ గాలికి మా వీధిలో నీళ్ల ట్యాంకులు డాబాల మీంచి దొర్లిపోయాయి. కొండల మీద పచ్చదనం ఒక్క పూటలో మాడిపోయినట్టయింది. మనకు తెలిసిన కథ అక్కడితో అయిపోతుంది. కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది, పాలు ఎంతకు కొన్నాం, ఇవే చెప్పుకుంటాం.

కానీ ఆ తుపాను అక్కడితో ఆగలేదు. బలం తగ్గి, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత అక్టోబరు 14న నేపాల్‌లోని అన్నపూర్ణ కొండల మీద మంచై కురిసింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరంగ్ లా కనుమ దగ్గరా, ఆ చుట్టుపక్కలా నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు, వాళ్లతో వెళ్లిన స్థానికులు. అక్టోబరు అక్కడ ఆకాశం తేటగా ఉండే నెల. అందుకే అందరూ ఆ నెలే ఎంచుకుంటారు. మన బీచ్‌రోడ్డు మీద చెట్లు కూల్చిన మేఘమే అక్కడ నడుములోతు మంచు పోసింది.

ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. నువ్వు వెళ్లాలనే నా కోరిక. సెప్టెంబరులో చలి ఏముంటుందని అడిగావు కదా, దానికి నా జవాబు ఇది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మీరు నడవబోయే దారిలోనే ఉంది. 2018 సెప్టెంబరు నాలుగో వారంలో హంప్టా అవతలి లాహౌల్ లోయలో ఉన్నట్టుండి భారీగా మంచు పడింది. హంప్టా దారిలో వెళ్లిన 45 మంది జాడ తెలియక దేశమంతా కంగారు పడింది. అందులో ఎక్కువమంది రూర్కీ ఐఐటీ విద్యార్థులు. అదృష్టం, అందరూ క్షేమంగా దొరికారు. అదే నెల, దాదాపు అవే తేదీలు. మీ అమ్మగారి టెన్షన్‌లో అర్థం లేకపోలేదు.

ఇక సామాన్ల సంగతి. కొండల్లో మన ఒళ్లు రెండు రకాలుగా ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఒకలా, ఆగినప్పుడు ఒకలా. నడుస్తుంటే సున్నా డిగ్రీల్లో కూడా పల్చటి చొక్కాతో చెమట పడుతుంది. ఆగిన పది నిమిషాలకు పళ్లు టకటకలాడతాయి. వీడియోల్లో చెప్పే తేలిక సిద్ధాంతం నడిచే ఒంటికి సరైనదే. రోజుకు ముప్పై కిలోమీటర్లు నడిచి, సాయంత్రానికి అడవిలోకి దిగి, రెండు చెట్ల మధ్య గుడారం వేసుకునేవాళ్లకు అది చక్కగా కుదురుతుంది. మీ దారి అలాంటిది కాదు. హంప్టా కనుమకు ముందు మజిలీ బాలూ కా ఘేరా చేరేసరికే చెట్టన్నది కనబడదు. అక్కడి నుంచి బారాలాచా దాకా గాలికి అడ్డం రాళ్లే. వాతావరణం చెడితే పరుగెత్తి చేరడానికి ఊరు ఉండదు. కూర్చోవాలి, అంతే. ఒక రాత్రి, ఒక్కోసారి ఒకటిన్నర రోజు. కాబట్టి ఆగిపోయిన ఒంటి కోసం సామాను కొనండి. నేను చెప్పబోయేదంతా దీన్నుంచే వస్తుంది.

టెంటు: షాపులో చెప్పిందే నా మాట కూడా. 2.4 కిలోలది, రెండు పొరలది. ఇద్దరు కాబట్టి ఒకరు లోపలి టెంటూ మేకులూ, ఒకరు పైపొరా రాడ్లూ మోస్తే తలా 1.2 కిలోలు. మీరు చూసిన 900 గ్రాముల టెంటుతో పోలిస్తే మనిషికి ముప్పావు కిలో ఎక్కువ, లీటరు నీళ్లంత కూడా కాదు. ఆ ముప్పావు కిలోకు ఏమొస్తుందో విను. అడ్డంగా దాటుకునే రాడ్లున్న టెంటు మేకులు సరిగ్గా దిగకపోయినా దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. కర్రల టెంటు పూర్తిగా తాళ్ల బిగింపు మీదే బతుకుతుంది. ఒక మేకు ఊడితే ఒక వైపు మొత్తం కూలుతుంది. హంప్టా అవతల రాతి నేల మీద, నదులు మేట వేసిన గులకరాళ్ల మీద మేకు నాలుగు అంగుళాలు దిగితే గొప్ప. కర్రల టెంటు ఎప్పటికీ పనికిరాదని అనను. ఏళ్ల తరబడి దాంతో తిరిగి, ఏ గాలికి ఎటు తిప్పి వేయాలో చేతికి వచ్చేసినవాళ్లు దాన్ని నిలబెడతారు. మీకిది మొదటిసారి. పైగా మీ ట్రెక్కింగ్ కర్రలు ఏ నాలాలోనో (కొండవాగులోనో) విరిగాయనుకో, ఆ రాత్రి ఇల్లు కూడా లేనట్టే.

రెండు పొరలు ఎందుకంటే, రాత్రంతా ఇద్దరు మనుషులు విడిచే ఊపిరి టెంటు గుడ్డకు చల్లటి చెమటలా పడుతుంది. ఒకే పొర అయితే అది నేరుగా స్లీపింగ్ బ్యాగు మీద కారుతుంది. రెండు పొరలుంటే పైపొర లోపల జారి కిందికి పోతుంది. కొనేటప్పుడు లోపలి పొర మొత్తం దోమతెరలా ఉన్నది తీసుకోకు. మన ఊరి ఉక్కకు అది బాగుంటుంది కానీ, అక్కడ గాలి, దుమ్ము, పొడి మంచు కింద నుంచి దూరి ముఖం మీదికి వస్తాయి. సగం పైనే గుడ్డ ఉన్నది వెతుకు. పైపొర నేలకు దగ్గరగా దిగాలి. నాలుగు మూలలకే కాక మధ్యలో కూడా తాళ్లు కట్టే కొక్కేలుండాలి. ఆ తాళ్లు చాలామంది విప్పకుండానే ఇంటికి తెచ్చేస్తారు. మీరు మాత్రం ఆకాశం ఎంత నీలంగా ఉన్నా ప్రతి సాయంత్రం కట్టండి. ఆరు మీటర్ల సన్నతాడు అదనంగా పట్టుకెళ్లండి. మేకు దిగనిచోట తాడును పెద్ద రాయికి చుట్టి, దాని మీద ఇంకో రాయి పెట్టాలి. నాకు ముడులు నేర్పింది పెదజాలారిపేటలో పడవలు కట్టే ఒక పెద్దాయన. తడిసిన తాడు మీద జారకుండా, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో కూడా విప్పగలిగేలా ఎలా వేయాలో ఒక సాయంత్రం కూర్చోబెట్టి చూపించాడు. ఏ పుస్తకమూ నాకు అంత ఉపయోగపడలేదు. మీరు కూడా వెళ్లి అడగండి, సంతోషంగా చూపిస్తారు.

కొన్న టెంటును ముందు మీ డాబా మీద వేసి, పైపుతో అరగంట నీళ్లు కొట్టండి. తర్వాత గాలి బాగా ఉన్న రోజు యారాడ బీచ్‌కి తీసుకెళ్లి ఇసుకలో వేయండి. ఇసుకలో కూడా మేకు నిలవదు, రాళ్లతో, సంచులతో కట్టడం అలవాటవుతుంది. చీకట్లో, మాట్లాడుకోకుండా, పది నిమిషాల్లో వేయగలిగితే మీరు సిద్ధమైనట్టే. మాట్లాడుకోకుండా ఎందుకంటే, అక్కడి గాలిలో ఒకరి మాట ఒకరికి వినబడదు.

ఇక స్లీపింగ్ బ్యాగు. మైనస్ 10 అని ఒక్క అంకె వేసి ఉంటే, అది ఏ మైనస్ 10 అని అడగాలి. ఐఎస్‌ఓ 23537 పద్ధతిలో పరీక్షించిన బ్యాగు మీద మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అంటే ఒక సాధారణ స్త్రీ హాయిగా నిద్రపోగలిగే చలి. లిమిట్ అంటే ఒక సాధారణ పురుషుడు ముడుచుకుని పడుకుంటే గడిచే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి దేవుడెరుగు, ప్రాణం నిలవడమే గొప్ప. ఒక్క అంకె వేసే బ్యాగుల మీద ఉన్నది ఈ మూడోదే కావచ్చు. మీరిద్దరూ ఆడపిల్లలు, సముద్రం పక్కన పెరిగినవాళ్లు. కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి. అది మైనస్ 5 ఉన్నది తీసుకోండి. సెప్టెంబరు చివర్లో నాలుగు వేల మీటర్ల పైన రాత్రిళ్లు సున్నా కిందికి పోవడం మామూలే.

లోపల ఏముండాలి, ఈకలా, సింథటిక్ పీచా? ఈకల బ్యాగు తేలిక, చిన్నగా మడుచుకుంటుంది. కానీ తడిస్తే ఉండలు కట్టి, వెచ్చదనం మొత్తం పోతుంది. పీచు బ్యాగు బరువు, తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది. హంప్టా ఇవతల కులూ వైపు సెప్టెంబరులో కూడా వానలుంటాయి. అవతల లాహౌల్ పొడిగా ఉంటుంది. తడిలో మొదలై పొడిలో ముగిసే దారి కాబట్టి ఇది తేలిగ్గా తేలే విషయం కాదు. నేనైతే డబ్బు చూసి పీచు బ్యాగే తీసుకోమంటాను. ఏది తీసుకున్నా లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసి, మూతి మెలితిప్పి కట్టి రక్‌శాక్ (వీపు సంచి) అడుగున పెట్టండి. రక్‌శాక్ పైన వేసే రెయిన్ కవరును ఒక్కదాన్నే నమ్మొద్దు, గాలికి అది ఎగిరిపోతుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు స్లీపింగ్ బ్యాగు మనాలిలో ఒక షాపులో అద్దెకు తీసుకున్నాను. అప్పటికే వందసార్లు నలిగినది. లోపలి పీచంతా ఒక పక్కకు చేరి, ఛాతీ మీద పల్చటి గుడ్డ మాత్రమే ఉంది. సాయంత్రం వెలుతురులో విప్పి చూసుకోలేదు. కనుమ దాటాక శియా గోరు దగ్గర ఆ రాత్రి నిద్ర లేదు. విచిత్రమేమిటంటే పైనుంచి కంటే కింది నుంచి ఎక్కువ చలి వేసింది. నా కింద ఉన్నది యోగా మ్యాట్. రక్‌శాక్ ఖాళీ చేసి నడుము కింద వేసుకున్నాను, రెయిన్‌కోటు భుజాల కింద, తాడు చుట్ట మడమల కింద. అప్పుడు ఒంట్లో వణుకు కొంచెం తగ్గింది. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగు కింది భాగం అణిగిపోతుంది. అణిగిన చోట గాలి నిలవదు, గాలి నిలవని చోట వెచ్చదనం ఉండదు. నేల చలిని ఆపేది మ్యాట్ ఒక్కటే అని ఆ రాత్రి వీపుతో నేర్చుకున్నాను.

అందుకే నీ 45 వేలల్లో మొదట ఖర్చు పెట్టాల్సింది మ్యాట్ మీద. దాని మీద ఆర్ వాల్యూ అని, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 2020 నుంచి దీన్ని కొలవడానికి ఏఎస్‌టీఎమ్ అనే ప్రమాణాల సంస్థ వారి ఒకే పద్ధతి ఉంది కాబట్టి, ఆ పరీక్ష చేయించిన కంపెనీల అంకెలను పోల్చుకోవచ్చు. మీకు 4 దగ్గర ఉండాలి. ఒకటే ఖరీదైన గాలి మ్యాట్ కొనక్కర్లేదు. ఆర్ వాల్యూలు కూడికలా కలుస్తాయి. 2 ఉన్న మడత ఫోమ్ మ్యాట్ కింద వేసి, 2 లేదా 2.5 ఉన్న పల్చటి గాలి మ్యాట్ పైన వేసుకుంటే చాలు. గాలిది రాయి గుచ్చుకుని చిల్లు పడినా ఫోమ్ మిగులుతుంది. పగలు మధ్యలో కూర్చోవడానికీ అదే. క్విల్ట్ అని వీపు వైపు తెరిచి ఉండే దుప్పట్లు కూడా వీడియోల్లో చూసే ఉంటావు. గాలి దూరే టెంట్లో మొదటిసారి పడుకునేవాళ్లకు నేను వాటిని చెప్పను.

బట్టల విషయంలో మన వైజాగ్ వాళ్లకు ఒక మంచి అనుభవం ఉంది. ఆగస్టులో ఆరేసిన కాటన్ బనియను మూడు రోజులైనా ఆరదని ప్రతి ఇంట్లో తెలుసు. ఉక్కలో అదొక చిరాకు మాత్రమే. 4,000 మీటర్ల దగ్గర అదే ప్రాణం మీదికి తెస్తుంది. తడిగుడ్డ ఒంటి వేడిని లాగేస్తుంది. దానికి గాలి తోడైతే, థర్మామీటరు సున్నా చూపిస్తున్నా 40 కిలోమీటర్ల గాలిలో చర్మానికి మైనస్ 7 లా తగులుతుంది. కాబట్టి లోదుస్తులతో సహా కాటన్ ఒక్కటి కూడా వద్దు. జీన్స్ ఇంట్లో వదిలేయండి. ఆటలకు వేసుకునే పాలిస్టర్ టీషర్టులు రెండు, ఫ్లీస్ ఒకటి, పీచు నింపిన ఉబ్బు జాకెట్ ఒకటి, వాటి మీద వాన జాకెట్, వాన ప్యాంటు. దుప్పటిలా కప్పుకునే పోంచో మాత్రం వద్దు. గాలిలో అది తెరచాపవుతుంది, కనుమ మీద మనిషినే తోసేస్తుంది. గ్లవ్స్ రెండు జతలు, ఎందుకంటే ఒక జత తప్పకుండా తడుస్తుంది. మంకీ క్యాప్ మన ఊళ్లో నవ్వులాటకు వాడతారు కానీ, చెవులూ మెడా ఒకేసారి కప్పే అలాంటి వస్తువు ఇంకోటి లేదు, పట్టుకెళ్లండి.

ఒక జత పొడి బట్టలు, ఒక జత ఉన్ని సాక్సులు నిద్ర కోసం మాత్రమే ఉంచాలి. ఉదయం తడి బట్టలు మళ్లీ వేసుకోవడం నరకంలా ఉంటుంది. పొడి జత కట్టుకుని నడిచేయాలనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. సాయంత్రానికి రెండు జతలూ తడిసి ఉంటాయి.

నెలసరి తేదీలు ఎత్తు వల్ల అటూ ఇటూ కావచ్చు, లెక్కకు మించి సామాన్లు ఉంచుకోండి. వాడినవి జిప్ కవర్లో వెనక్కి తెచ్చేయండి, అక్కడ పాతితే కుళ్లవు.

షూస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చీలమండ దాకా ఉన్న బూట్లయినా, పొట్టి ట్రెక్కింగ్ షూస్ అయినా పరవాలేదు, అడుగున పట్టు బాగుండాలి, కొత్తవి కాకూడదు. సింహాచలం మెట్ల మీద బరువు మోస్తూ కనీసం పదిసార్లు ఎక్కి దిగినవై ఉండాలి. నాలాలు దాటడానికి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేరే ఉంచుకోండి. తడిసిన షూస్ రాత్రి గడ్డకట్టకుండా కవర్లో చుట్టి టెంట్ లోపలే పెట్టుకోండి.

పొయ్యి గురించి చాలామంది బయలుదేరాకే కంగారు పడతారు. గ్యాస్ డబ్బా విమానంలో ఏ బ్యాగులోనూ తీసుకెళ్లనివ్వరు, రైల్లోనూ నిషేధమే. మనాలిలోనే కొనాలి. కొనేటప్పుడు లోపల ఏ గ్యాసుందో చదవండి. బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. అంటే మీకు టీ అవసరమైన ఉదయానే అది పలకదు. ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. ఆ రెండూ కలిపినది అడగండి. దొరక్కపోతే డబ్బాను రాత్రి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఎంత గాలి ఉన్నా మూసిన టెంట్లో మాత్రం వెలిగించొద్దు. పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే తీసుకుపోతుంది.

తిండి విషయంలో అన్నం, పప్పు మీద ఆశ వదులుకోండి. చంద్రతాల్ 4,250 మీటర్ల పైన ఉంది. అక్కడ నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంత సేపు ఉడికించినా కందిపప్పు బద్దలాగే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. వేడినీళ్లు పోస్తే చాలు అనేవే పట్టుకెళ్లాలి. వేయించిన రవ్వలో పోపు వేసుకున్న ఉప్మా పొడి, అటుకులు, సత్తుపిండి, పాలపొడి. మనిషికి రోజుకు 650 గ్రాముల పొడి సరుకు లెక్కేసుకోండి. నడుస్తూ తినడానికి పల్లీ చిక్కీ, ఎండు ఖర్జూరం. మాడుగుల హల్వా తప్పకుండా తీసుకెళ్లండి. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు, చాలా రోజులు నిలవుంటుంది, చిన్న ముక్కలో బోలెడు శక్తి. చలికి ఆకలి చచ్చిపోయిన సాయంత్రం కూడా అది గొంతు దిగుతుంది. అనకాపల్లి బెల్లం ఒక అచ్చు వేడినీళ్లలో కలిపి తాగితే ఆ హాయే వేరు.

ఇప్పుడు తూకం వేద్దాం. టెంటులో నీ వంతు 1.2, స్లీపింగ్ బ్యాగు 1.4, రక్‌శాక్ 1.8, మోసే బట్టలు 2, పొయ్యీ గిన్నే గ్యాసుల్లో నీ వంతు 0.6, టార్చి మందులు లాంటివి 0.8, నాలుగు రోజుల తిండి 2.6, నీళ్లు 1. మ్యాట్లు రెండూ కలిపి అర కిలోకు కొంచెం పైన. మొత్తం పన్నెండు కిలోలు. నాలుగు రోజుల తిండే ఎందుకంటే సీజన్‌లో దారిలోని ఛత్రూ, బాతల్ దగ్గర ధాబాలుంటాయి, అక్కడ మళ్లీ నింపుకోవచ్చు. తేలిక కావాలంటే ఇక్కడ తగ్గించకు. మూడో టీషర్టు, రెండో ప్యాంటు, పెద్ద కెమెరా, ఇద్దరికీ వేరువేరు సబ్బులూ క్రీములూ, వీటిని తగ్గించు.

సామాను ఎంత మంచిదైనా చేయలేని పని ఒకటుంది. మనం సముద్ర మట్టం నుంచి వెళ్తున్నాం. హంప్టా ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదాంట్లో అరవై శాతం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. మనాలి సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ రెండు రాత్రులు గడిపి బయలుదేరండి. తలనొప్పితో పాటు వాంతి, తూలుడు కనిపిస్తే పైకి అడుగు వేయొద్దు, చీకటైనా సరే కిందికి దిగాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఇక్కడే డాక్టరును అడుగు. సల్ఫా మందులు పడవేమో కూడా చెప్పు.

ఫోను సంగతి. కొండల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. విదేశీ వీడియోల్లో చూపించే శాటిలైట్ మెసేజ్ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం, ఎవరో తెచ్చిచ్చినా తీసుకోవద్దు. దారి మ్యాపు ఫోన్లో ముందే దించుకోండి, కాగితం మ్యాపు కూడా ఉంచుకోండి. పవర్ బ్యాంకు విమానంలో చేతి బ్యాగులోనే పెట్టాలి, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో తేదీలతో కాగితం మీద రాసి ఒకటి అమ్మకు, ఒకటి మనాలిలో మీరు దిగిన చోట ఇవ్వండి. ఏ తేదీ దాటితే 112 కి ఫోన్ చేయాలో కూడా అందులో రాయండి. అమ్మ టెన్షన్ సగం దాంతోనే తగ్గుతుంది. అనుమతుల సంగతి మనాలి చేరగానే అటవీ శాఖ వాళ్లను అడగండి.

ఇక మీ ప్లాన్ గురించి. మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. చంద్రతాల్ నుంచి బారాలాచా దాకా ఉన్న ముక్కను ఈసారి గైడ్ లేకుండా చేయొద్దు. అక్కడ టోక్పో గోంగ్మా లాంటి నాలాలు వంతెన లేకుండా దాటాలి. హిమానీనదాల నీళ్లు ఉదయం తక్కువగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతాయి. తెల్లవారుజామున మోకాలి లోతున్న నాలా మూడు గంటలకు నడుము దాకా రావచ్చు. ఎక్కడ దాటాలో, ఎప్పుడు ఆగాలో తెలిసిన స్థానికుడు ఒకరు పక్కన ఉండాలి. గైడ్ ఖర్చు మీ లెక్కలో లేకపోతే, ఈ ఏడాది హంప్టా దాటి చంద్రతాల్ దగ్గర రెండు రాత్రులు ఉండి రండి. టెంట్లో పడుకోవడం, పొద్దున్నే చలిలో సర్దుకోవడం, తాళ్లు కట్టడం చేతికి అలవాటవుతాయి. బారాలాచా వచ్చే ఏడాదికీ అక్కడే ఉంటుంది, 4,890 మీటర్ల దగ్గర.

చంద్రతాల్ దాకా కూడా మొదటిసారి ఇద్దరే వెళ్లకండి. గైడ్ కుదరకపోతే ఆ రోజు హంప్టా వైపు కదిలే బృందం ఏదైనా ఉందేమో మనాలిలో అడిగి, దానితో కలిసి నడవండి.

ఇంకో మాట. రిటర్న్ టికెట్‌ను కూడా సామాన్లలో ఒకటిగా లెక్కపెట్టుకోండి. ఢిల్లీలో ఏపీ ఎక్స్‌ప్రెస్ అందుకోవాలని, సోమవారం ఆఫీసుకు హాజరు కావాలని, మబ్బు దిగుతున్నా కనుమ ఎక్కినవాళ్లను నేను చూశాను. మీ ట్రెక్ ముగిసే రోజుకూ, ఢిల్లీలో రైలెక్కే రోజుకూ మధ్య మూడు ఖాళీ రోజులుండాలి. సంచిలో ఒక రోజు తిండి అదనంగా ఉండాలి. బాలూ కా ఘేరా దగ్గర ఉదయం లేచేసరికి కనుమ కనబడకపోతే ఆ రోజు అక్కడే ఉండిపోవచ్చు. బయలుదేరే ముందు వారం రోజులు వాతావరణ శాఖ హిమాచల్ హెచ్చరికలు చూస్తారు, మంచిదే. దాంతో పాటు మన బంగాళాఖాతంలో ఏమైనా అల్పపీడనం ఉందేమో కూడా చూడండి. ఎందుకో మొదట్లోనే చెప్పాను.

గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు మూడుసార్లు నడిచానన్నావు. నిజంగా చాలా సంతోషం, ఆ కాళ్లు మీకు కొండల్లో పనికొస్తాయి. ఈ నెలలో ఇంకో పని చేయండి. పండగ రద్దీ లేని ఒక శనివారం తెల్లవారుజామున తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి, పన్నెండు కిలోల సంచులతో అదే దారి చుట్టి రండి. సాయంత్రం ఇంటికెళ్లకుండా ఎవరిదైనా డాబా మీద టెంటు వేసుకుని, మ్యాట్ల మీద పడుకుని, పొయ్యి మీద ఉప్మా చేసుకు తినండి. మర్నాడు ఉదయం లేచి మళ్లీ అదే సంచితో పదిహేను కిలోమీటర్లు నడవండి. రెండో రోజు ఏది భుజం కోసిందో, ఏది అసలు సంచిలోంచి బయటికే తీయలేదో రాసుకుని నాకు పంపు. ఏ మ్యాట్ కొన్నారో, దాని మీద ఏ అంకె ఉందో కూడా రాయి.